మంద వెనక మనిషి

వీపు మీద ఇస్త్రీ నిలిచిందో లేదో ఎవరిని అడగాలి, ముఖానికైతే అద్దం ఉంది, వీపుకి వెనకవాళ్ళ కళ్ళే గతి, అనుకుంటూ భార్గవి పడవ ముందు భాగాన ఇంకాస్త నిటారుగా నిలబడింది, ఆకుపచ్చ చొక్కా, వెనకవైపు తెల్లటి పెద్ద అక్షరాల్లో గైడ్ అన్న మాట, ఆ మాట ఇప్పుడు పడవలో అందరికీ కనబడుతోంది ఒక్క ఆమెకు తప్ప, నిన్న సాయంత్రం అమ్మ రూప్లి ఆ చొక్కా ఇస్త్రీ చేస్తూ అక్షరాల దగ్గరికి రాగానే పెట్టెను పైకెత్తి చుట్టూ తిప్పి పోనిచ్చింది, కాలి ఊడొస్తాయేమోనని, బడి మొహం చూడని అమ్మకు ఆ తెల్లగీతలంటే ఎంత మురిపెమో అంత భయం, అందుకే చొక్కా అంతా పెళపెళలాడుతూ ఆ మాట దగ్గర మాత్రం నలిగి ఉంటుంది, ఉంటే ఉండనీ, పడవ నడిపే గోపాలు ఇంజను ఆపి తెడ్డు అందుకున్నాడు, దీవి దగ్గరపడితే చప్పుడు చేయకూడదని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు, నీళ్ళలో మోడుబారిన చెట్ల మీద నీటికాకులు రెక్కలు బార్లా చాపి కూర్చున్నాయి, చూడండమ్మా, చూడండి సార్, వీటి రెక్కలు నీళ్ళు పీల్చుకుంటయి, మునిగి లేస్తే బరువైతయి, అందుకే గిట్ల ఎండకు ఆరబెట్టుకుంటయి, అని ఆమె అంటుంటే పడవలో తలలన్నీ ఒకేసారి అటు తిరిగాయి, ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు, ఇంతకన్నా ఏం కావాలి మనిషికి, ముదిగొండ నుంచి వచ్చిన సుబ్బరత్నం గారు కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూస్తోంది, ఆవిడ కోడలు ఉదయశ్రీ, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగమట, కెమెరా కంటికి ఆనించి దించడం లేదు, కొత్తగూడెం కాలేజీలో పాఠాలు చెప్పే భార్యాభర్తలు బడిపిల్లల్లా ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు, అందరికీ వెనక మురళీకృష్ణ సార్, ఈ దీవి యాత్రలు నడిపే కంపెనీ మేనేజరు, ఆయన చూడ్డానికొచ్చింది పక్షుల్ని కాదు, ఆమెను.

ఆయన సరే అన్నాడంటే రేపటినుంచి ఈ దీవికొచ్చే గుంపులన్నీ ఆమెవే, తనకు పని నేర్పిన పాత గైడు బలరాం అన్న తోడు లేకుండా ఒక్కతే తీసుకురావచ్చు, కాదన్నాడంటే మళ్ళీ ఒడ్డున టికెట్ల కిటికీ వెనక కుర్చీ, అక్కడ కూర్చుని అడవిని జనం ఫోన్లలో చూడాలి, బలరాం అన్న పొద్దున ఒడ్డున నిలబడి వేలు చూపించి మరీ చెప్పాడు, భార్గవీ, గైడ్ అంటే ముందుండాలె, జనం నీ వీపు చూసుకుంట రావాలె, నువ్వు మల్ల వెనక్కి జారితివా ఇగ నీ పని ఖతం, సార్ అదే చూస్తడు, అవ్ అన్నా, జారనన్నా, అంది ఆమె, అంది గానీ కాళ్ళ సంగతి కాళ్ళకే తెలియాలి, నేర్చుకునే రోజుల్లో ఎన్నిసార్లు అలా జరిగిందో, ముందు బయల్దేరుతుంది, నాలుగు మాటలు చెబుతుంది, తర్వాత తిరిగి చూస్తే తను గుంపు వెనక ఉంటుంది, ఎప్పుడు వెనకపడిందో ఎలా వెనకపడిందో ఆమెకే తెలియదు, బలరాం అన్న నెత్తి కొట్టుకునేవాడు, గైడువా, పసులు కాసేదానివా అని, అతను ఊరికే అన్న మాట, ఆమెకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం, ములకలపల్లి దగ్గర తమ తండాలో తాత హీరాలాల్ ఊరందరి పసులూ కాసినవాడు, ఆ సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పలేదు, నాన్న రాందాస్ కరెంటు ప్లాంటులో ఉద్యోగమని మాత్రం చెప్పింది, అది అబద్ధం కాదు, నిజంలో సగం.

వెనక నడవడమంటే ఆమెకు గిట్టదు, దానికి కారణం ఉంది, నాన్నకు ఉద్యోగం రాకముందు మిరపకోతల కాలంలో అమ్మ ముదిగొండ వైపు కూలికి వెళ్ళేది, చిన్న భార్గవి చెయ్యి పట్టుకుని వెంట, పొలం గట్టు మీద ఇంటావిడ ముందు, ఆవిడ వెనక సద్ది మోసే మనిషి, ఆ వెనక కూలీల వరుస, అందులో అమ్మ, అమ్మ వెనక తను, తనకు కనబడేది అమ్మ నడుము ఒక్కటే, తలెత్తితే నెత్తి మీది సంచి, ఒకసారి గట్టు పక్కన ఏదో నీలిరంగు పిట్ట వాలితే చూద్దామని తను ముందుకురికింది, ఇంటావిడను దాటి, ఎవరో ఏయ్ పిల్లా అన్నారు, అమ్మ పరుగున వచ్చి జబ్బ పట్టి వెనక్కి లాగింది, కొట్టలేదు, లాగింది అంతే, ఆ లాగడం ఇప్పటికీ జబ్బలో ఉంది, ఆ రోజే అనుకుంది ఇక మా ఇంట్లో ఎవరూ ఎవరి వెనకా నడవరని, ఇవాళ ముదిగొండ సుబ్బరత్నం గారు తన వీపు చూస్తూ నడవబోతోంది, ఈవిడ ఆ ఇంటావిడ కాకపోవచ్చు, పక్కింటావిడ కావచ్చు, అసలు ఏ సంబంధమూ లేని మనిషి కావచ్చు, అడగలేదు, అడగదు, ఈవిడ మీద కోపం ఏమీ లేదు, పాపం పడవెక్కేటప్పుడు తన భుజం పట్టుకుని, నీ చెయ్యి భలే గట్టిదమ్మాయ్ అని మెచ్చుకుంది, అయినా గర్వంగా ఉంది, ఉంటే తప్పా, గర్వం తినడానికి కొనక్కర్లేదు, కడుపు నిండా ఉంది ఇవాళ.

పడవ ఇసుకను ఒరుసుకుని ఆగగానే ముందు తనే దిగింది, బూటు పక్కన రెండు గులకరాళ్ళ మధ్య తీతువు పిట్ట గుడ్లు, రాళ్ళ రంగే, మచ్చలు కూడా రాళ్ళ మచ్చలే, తల్లి పిట్ట కాస్త దూరంలో గొంతు చించుకుంటోంది, ఇటు రాకున్రి అమ్మా, గా నల్లరాయి మీదికెళ్ళి రాండ్రి, అంటూ ఒక్కొక్కరినీ దింపింది, సుబ్బరత్నం గారు గుడ్లు చూసి, ఓసి నీ దుంప తెగ, గూడైనా కట్టుకోకుండా నేల మీద పెట్టేసిందే అంది పిట్టతో, ఇది అరిస్తే అశుభం అంటారు గానీ పిల్లల కోసం అరుస్తోంది పాపం, ఏ తల్లి అరవదు, అంది, ఆ మాట భార్గవికి నచ్చింది, రేపటి గుంపుకు తనే చెప్పాలి అనుకుంది, రేపటి గుంపు, ఆ మాట నోట్లో బెల్లంముక్కలా ఉంది, దారి పైకి ఎక్కుతోంది, ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు, మోదుగులు ఒళ్ళంతా ఎర్రగా పూసి ఉన్నాయి, దూరంగా దుప్పులు తలలెత్తి మళ్ళీ గడ్డిలో పెట్టాయి, ఈ గుట్టను మా దిక్కు పసులగుట్ట అంటరు సార్, ఎండకాలం నీళ్ళు తగ్గితే వెనకటికి పసులను తోలుకొచ్చి మేపేటోళ్ళు, అంది, తోలుకొచ్చింది ఎవరో చెప్పలేదు, మురళీకృష్ణ సార్ తలూపాడు, బాగుంది చెప్పు చెప్పు అన్నట్టు, ఆమె అడుగులు నేలకు అంటడం లేదు, ముందు నడవడం ఇంత బాగుంటుందా, ఎదురుగా ఎవరి నడుమూ లేదు, ఎవరి సంచీ లేదు, అడవి అంతా నేరుగా వచ్చి కళ్ళల్లో పడుతోంది, ఆ పైన దారి రెండుగా చీలుతుంది, ఎడమ దారి నల్లమద్ది నీడకు, అక్కడ కూర్చుని కొంగల్ని చూపించాలి, కుడి దారి దిగువ ఇసుక వాలుకు, అటు ఈ వారమే మొసలి గుడ్లు పెట్టింది, అది నీళ్ళ అంచునే కాపలా ఉంటుంది, అందుకే నిన్న వచ్చినప్పుడు కుడి దారికి అడ్డంగా పచ్చి తునికికొమ్మ విరిచి పడేసింది, పచ్చికొమ్మ అడ్డం పడి ఉందంటే అటు పోవద్దని తండాలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు.

అమ్మాయ్, కాస్త ఆగవే, మోకాలు పట్టేసింది, అని సుబ్బరత్నం గారి గొంతు, వస్తున్న అమ్మా, అని భార్గవి పక్కకు జరిగి మిగతావాళ్ళకు దారిచ్చింది, పోతా ఉండండి సార్, ఎడమకు నల్లమద్ది కనిపిస్తది, అంది, కెమెరా కంటికి ఆనించుకున్న ఉదయశ్రీ, పాఠాల సారు, పాఠాల మేడం, మురళీకృష్ణ సార్ వరసగా ఆమెను దాటి వెళ్ళారు, వాళ్ళు వెళ్తుంటే ఆమె ఒళ్ళు ఎందుకో తేలికపడింది, ఏదో సర్దుకున్నట్టు, ఎక్కడిది అక్కడికి చేరినట్టు, సుబ్బరత్నం గారి మోచెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి అర్థమైంది, జారింది, మళ్ళీ వెనక్కి జారింది, మోకాలు వంక దొరికింది గానీ కాళ్ళు ఆ వంక కోసమే కాచుకుని ఉన్నాయి, ఛీ, ఏం కాళ్ళివి, దాదా కాళ్ళు, తాతను తమ తండా భాషలో దాదా అనేది, బడి లేని రోజుల్లో దాదాతో మంద వెంట పోయేది, గంట కట్టిన ఎర్రావు అన్నిటికన్నా ముందు పోతుంటే దాని పక్కన నడవాలని ఆమెకు ఎంత ఆశో, ముందైతే గాలి, ఆకాశం, వెనకైతే దుమ్ము, దాదా కనురెప్పల మీద కూడా దుమ్మే, దాదా, నువ్వెప్పుడూ వెనకనే ఎందుకు, దుమ్ము తినడానికా, అని అడిగితే ఆయన నవ్వి, ముందు పోయేదానికి దాని కడుపే తొవ్వ చూపిస్తది బిడ్డా, వెనకపడ్డదానికి ఎవరు చూపిస్తరు, అన్నాడు తమ మాటలో, అది అప్పుడు ఒక కథలోని మాటలా విని వదిలేసింది, ఆయన మందను లెక్కపెట్టేవాడు కాదు, లెక్కపెడితే దిష్టి అనేవాడు, వెనక నుంచి ఒక్క చూపు చూస్తే చాలు, ఏది కుంటుతోందో, ఏది ఈనబోతోందో, ఏది పక్క చేనుకు తప్పుకోబోతోందో తోకలు చూసి చెప్పేవాడు, ఇప్పుడు తను చూస్తున్నదీ అదే చూపు కదా, పాఠాల సారు ఎడమ బూటు లేసు ఊడింది, మేడం నీళ్ళ సీసా మూత సరిగ్గా బిగించలేదు, మేనేజరు సార్ మెడ ఒకవైపు వాల్చి నడుస్తాడు, ముందున్నంతసేపూ వీటిలో ఒక్కటీ కనబడలేదే, ఉదయశ్రీ భుజం కుడికి తిరుగుతోంది, ఎందుకు కుడికి, కెమెరాలో ఏదో పిట్ట దొరికినట్టుంది, కుడికి వద్దు, అక్కడ కొమ్మ ఉంది కదా, కొమ్మ చూసి ఆగుతుంది.

ఆగలేదు, ఉదయశ్రీ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని కొమ్మను దాటేసింది, దారిలో విరిగిపడ్డ కొమ్మను ఎవరైనా దాటినట్టే, ఆమె వెనక పాఠాల సారు కూడా ఒక కాలు ఎత్తాడు, మేనేజరు సార్ వాళ్ళ వెనక ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు, భార్గవికి ఒక్కసారిగా వెలిగింది, కొమ్మ మాట వాళ్ళకు తెలియదు, ఎవరు చెప్పారు గనక, తను చెప్పిందా, తండా మాట లోకమంతా తెలుసుననుకుంది, ఇసుక వాలు అంచున, నీళ్ళకు అటూ ఇటూ కాకుండా ఎండిన దుంగ ఒకటి నాలుగు కాళ్ళ మీద లేచింది, నోరు తెరిచింది, బుస వినబడింది, ఉదయశ్రీకి వినబడలేదు, ఆమె కన్ను ఇంకా కెమెరాలోనే ఉంది, పిలవాలి, ఏమని పిలవాలి, మేడం అంటే ఇద్దరూ మేడములే, ఆగండి అనే మాటకు నోరు తిరిగేలోపు కడుపులోంచి ఇంకేదో లేచి వచ్చింది, హోఁ, హోహోహోఁ, అని, దాదా గొంతు, వాగు దాటబోయే మందను ఉన్నచోట ఉన్నట్టు నిలబెట్టే కేక, గుట్టకు కొట్టుకుని నీళ్ళ మీదుగా పోయింది, దుప్పులు చెదిరాయి, కొంగలు లేచాయి, గుంపు నిలబడింది, ఎత్తిన కాలు ఎత్తినట్టే పాఠాల సారు, కెమెరా దించి ఉదయశ్రీ, ఫోను పట్టుకుని మేనేజరు సార్, చివరికి తన చెయ్యి పట్టుకున్న సుబ్బరత్నం గారు కూడా కొయ్యలా ఆగిపోయింది, కదలకున్రి, ఉదయశ్రీ మేడం, నా మాట ఇనున్రి, ఎనక్కి తిరగకున్రి, గట్లనే ఎనక్కి అడుగులెయ్యిన్రి, మెల్లగ, ఇంకోటి, ఇంకోటి, కాలికి కొమ్మ తగులుతది, దాటున్రి, అవ్, గట్లనే, ఇగ ఏం కాదు, ఆ గొంతు అంత నిమ్మళంగా ఎలా వస్తోందో ఆమెకే వింతగా ఉంది, మొసలి ఇంకాసేపు నోరు తెరిచే చూసింది, తర్వాత పొట్టను ఇసుకకు ఆనించి మళ్ళీ దుంగ అయిపోయింది.

నల్లమద్ది కింద కూర్చున్నాక ఉదయశ్రీ రెండు చేతులతో నీళ్ళ సీసా పట్టుకుని తాగుతోంది, భార్గవికి అప్పుడు సిగ్గు వచ్చింది, అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో, గైడు కేక వేస్తుందా అలా, మనుషుల్ని పసుల్ని ఆపినట్టు ఆపింది, అయిపోయింది, టికెట్ల కిటికీ ఖాయం, అని తల దించుకుంటే సుబ్బరత్నం గారు కిలకిల నవ్వింది, మొదట చిన్నగా, తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఏవమ్మాయ్, ఇంత బతుకూ బతికి ఇవాళ నీ చేతిలో గొడ్డునైపోయాను కదే, నా కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి చూశావా, మా పాలేరు కేకకి ఎడ్లు ఆగినట్టు, అంది, అందులో వెక్కిరింత లేదు, కన్నీళ్ళున్నాయి, నా కోడల్ని నాకిచ్చావు తల్లీ, అని భార్గవి చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది, ఉదయశ్రీ కూడా నవ్వబోయి ఏడ్చేసింది, అది మామూలు కొమ్మే అనుకున్నానండీ అంది, మీ తప్పు కాదు మేడం, నాదే, అది అడ్డమని నేను చెప్పాలె, చెప్పలే, అంది భార్గవి, ఆ మాట చెప్పగానే గుండె మీంచి ఏదో బరువు దిగింది.

మురళీకృష్ణ సార్ ఇంతసేపూ చెట్టుకు ఆనుకుని నిలబడే ఉన్నాడు, పడవ దగ్గరికి తిరిగి దిగుతున్నప్పుడు పక్కకు వచ్చి, భార్గవీ, నిజం చెప్పు, నువ్వు ముందుంటే వాళ్ళు కుడికి తిరిగేవాళ్ళే కాదు కదా, అని అడిగాడు, తిరిగేవాళ్ళు కాదు, నిజమే, సుబ్బరత్నమ్మ మోకాలు అని ఒక్క మాట అంటే చాలు, తప్పించుకోవచ్చు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా, కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది, మోకాలు ఒక సాకు సార్, నాకు ఎనక నడిచుడే అలవాటు, మా తాత పసులు కాసిండు, ఈ గుట్ట మీదనే, నేను ఆయన ఎంబడి తిరిగిన, ఎనకనుంచైతేనే నాకు అందరు కనిపిస్తరు, ముందుంటే కళ్ళకు గంతలు కట్టినట్టుంటది, అంది, కంపెనీలో ఇన్నాళ్ళూ దాచిన మాట, చెప్పేశాక చూస్తే ఇందులో దాచడానికేముంది, ముందు నడుస్తున్న సుబ్బరత్నం గారి వీపు ఒక్క క్షణం ఆగినట్టై మళ్ళీ కదిలింది, సార్ ఆమె వైపు తిరిగి, చూడమ్మా, నిన్నొక్కదాన్నే పంపడానికి నేను ఒప్పుకోను, ముందు దారి చూపే మనిషి లేకుండా ఈ దీవి మీద కుదరదు, ఇవాళ చూశాం, బలరాం ముందు, నువ్వు వెనక, ఇద్దరుంటేనే గుంపు, బాధపడ్డావా, అన్నాడు.

బాధ వస్తుందని ఆమె కాసేపు ఎదురుచూసింది, రాలేదు, వచ్చిందల్లా వేరే ఒకటి, ఒక్క మాట సార్, అంది, ఎనక నడిచే మనిషి ఆగుమంటే గుంపు ఆగాలె, ముందున్న బలరాం అన్న గూడ ఆగాలె, మీరొచ్చినా ఆగాలె, గట్లయితేనే నేను ఎనక నడుస్త, బలరాం అన్న గంట కట్టిన ఎర్రావు అయితడు, ఏమనుకోకున్రి, సార్ నవ్వాడు, సరే, ఆపే మాట నీది, అన్నాడు, ఇవాళ నీ కేకకి ఆగాను కదమ్మా, ఇంకేం రుజువు కావాలి, అని కూడా అన్నాడు, నల్లరాయి మీదుగా ఒక్కొక్కరినీ గోపాలు పడవలోకి అందుకుంటున్నాడు, సుబ్బరత్నం గారు కూర్చుని, రావే అమ్మాయ్, నా పక్కకి రా అంటోంది, సార్ మర్యాదకు పక్కకు జరిగి, గైడు ముందు ఎక్కాలి అన్నాడు, మీరు ఎక్కున్రి సార్, అని ఆమె ఇసుక మీదే నిలబడింది, చివరి మనిషి కాలు ఒడ్డును వదిలేదాకా, వాళ్ళ వీపులన్నీ ఎదురుగా, ఒక్కొక్కటీ ఆమెకు తెలిసిన వీపు, అమ్మను గట్టు మీద వెనక నడిపించారు, దాదా మాత్రం ఎవరూ నడిపించకుండా తనే వెనక నడిచాడు, ఇన్నేళ్ళూ ఆ రెండింటినీ ఒకే చోటనుకుని సిగ్గుపడింది గానీ, అమ్మది ఒకరు నెట్టిన చోటు, దాదాది ఆయన తీసుకున్న చోటు, ఇవాళ తనది తను అడిగి తీసుకుంది, అందరూ ఎక్కారని ఒక్క చూపులో తెలుసుకుని భార్గవి పడవను భుజంతో నీళ్ళలోకి నెట్టి అందరికన్నా ఆఖర్న ఎక్కింది.